వేలిముద్రలు తిరిగొచ్చిన కోడలికి

చి. సౌ. కోడలు పిల్లకు పెద్దత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచీ నా కడుపు తరుక్కుపోతోంది. కెనడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అమెరికా పోలీసు సర్టిఫికెట్ కావాలని మీరిద్దరూ ఎఫ్‌బీఐకి, అంటే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థకి, వేలిముద్రల కార్డులు పంపారు కదా. "మీ అబ్బాయివి ఒప్పుకున్నారు పెద్దత్తయ్యా, నావే తిప్పి పంపారు, నా మీదేదో అనుమానం పడ్డట్టున్నారు" అన్నావు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్ తల్లీ. ఎఫ్‌బీఐ వాళ్లు నీ చరిత్ర చూసి కార్డు తిప్పి పంపలేదు. అసలు చూడలేకపోయారు. గీతలు చదవడానికి వస్తేనే కదా రికార్డులతో పోల్చేది. నీ విషయంలో పని ఆ మెట్టు దాకా పోనే లేదు.

నాకిది తెలిసింది అనుభవం మీదే. డెట్రాయిట్ దగ్గర ఆరేళ్లున్నాక 2014లో మేము కెనడా పీఆర్‌కి పెట్టుకున్నాం. మీ పెద్దమామయ్యది వచ్చేసింది. నాకు మాత్రం ముద్రల నాణ్యత చాలలేదని కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వంటగదిలో కూర్చుని నేనూ నీలాగే ఏడ్చాను. ఇంట్లో అంట్లన్నీ నేనే తోమేదాన్ని, పైగా అక్కడి చలికాలం, చేతులు పగిలి గరుగ్గా ఉండేవి. ముద్రలు తీసినచోట ఆ మనిషి నా వేళ్ల వంక చూడను కూడా లేదు. సిరా దట్టంగా పూసి, గట్టిగా అదిమి, పది నిమిషాల్లో పంపించేశారు. రెండోసారి మూడు వారాలు చేతుల్ని చూసుకుని, ఓపికున్న మనిషిని వెతుక్కుని వెళ్లాను. మొదటి కార్డులోనే పని అయిపోయింది. ఆ మూడు వారాల సంగతే నీకు చెబుదామని కూర్చున్నాను.

చిన్నప్పుడు మీ అమ్మమ్మ నీ వేళ్లు పట్టుకుని ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు అని లెక్కపెట్టే ఉంటుంది. ఎఫ్‌బీఐ చూసేదీ ఆ గీతలనే. ఆ గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, వాటి అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుంది. సబ్బులూ బ్లీచింగూ అరగదీసేది పైపొరనే. ఆ పైపొర దాదాపు నెలరోజుల్లో కొత్తగా వస్తుంది. కాబట్టి నీ ముద్రలు పోలేదు, పైన అరిగాయి. వాటికి కాస్త విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి.

నీ వేళ్లు ఎందుకరిగాయో నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో ఉన్నప్పుడు చూశాను, రోజుకి ఎనిమిది పాలసీసాలు వేడినీళ్లలో నువ్వే కడుగుతున్నావు. చూపుడువేలు కొస తెల్లగా, నున్నగా, తాటాకు మీద మైనం రాసినట్టుంది. పనిచేసిన చేతులకి వచ్చేదే అది. మా అమ్మ ఏళ్ల తరబడి మిరపకాయలు కోసింది, పత్తి తీసింది. రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ వచ్చాక ఆవిడ బొటనవేలిని అది గుర్తుపట్టేది కాదు. ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టేది, చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టేది. వెనక వరసలో వాళ్లు విసుక్కునేవారు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లదీ ఇదే బాధ. వాళ్లూ ఎవరికీ తప్పు చేసినవాళ్లు కారు, నువ్వూ కాదు.

ఇవాళ్టి నుంచి మూడు వారాలు అంట్లూ సీసాలూ మావాడికి అప్పగించు. నేను చెప్పానని చెప్పు. తప్పనిసరిగా నువ్వే చెయ్యాల్సి వస్తే లోపల నూలువి, పైన రబ్బరువి గ్లౌజులు వేసుకో. బ్లీచింగ్, ఫినాయిల్ జోలికి పోకు. పాదాలు రుద్దుకునే రాయితో వేళ్లు రుద్దకు. ఆ నునుపే మనకి శత్రువు. రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనె గానీ వ్యాజిలిన్ గానీ వేళ్ల కొసలకి పట్టించి పడుకో. పగలు కూడా నీళ్లు ముట్టుకున్న ప్రతిసారీ కాస్త క్రీము రాసుకో. కూరలు తరిగేటప్పుడు జాగ్రత్త. వేలు తెగితే ఆ గాయం మానేదాకా ఆగాల్సిందే, కట్టు మీద ముద్ర పనికిరాదు. ఆషాఢం వస్తోంది, గోరింటాకు ఈ ఏడాదికి వేళ్ల కొసలకి వద్దు. బజారులో దొరికే నల్ల కోను అసలే వద్దు, అందులో కలిపే రసాయనం పడకపోతే చర్మం పొక్కి ఊడుతుంది.

ముద్రలు తీసే రోజు మాత్రం నూనె, క్రీము ఏదీ ఉండకూడదు. సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకుని వెళ్లు. నీకు చెమట చేతులు కాబట్టి స్పిరిట్ తడిపిన దూదితో ఒక్కో వేలూ తుడిచి వెంటనే తీయించాలి. అన్ని వేళ్లూ ఒకేసారి తుడిచి కూర్చుంటే చివరి వేలికి వచ్చేసరికి మళ్లీ చెమట పడుతుంది.

ఇక తీసే మనిషి సంగతి. హైదరాబాద్‌లో రిటైరైన ఫింగర్‌ప్రింట్ నిపుణులు కొందరు విడిగా ఈ పని చేస్తారు. కెనడా, ఆస్ట్రేలియా వెళ్లిన స్నేహితుల్ని అడిగితే దొరుకుతారు. డబ్బు ఇచ్చే ముందు ఒక్కటి అడుగు: సిరా ఏది వాడతారు? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పొలం కాగితాల మీద వేలేయించుకునే ఊదారంగు స్టాంపు ప్యాడ్ తీస్తే లేచి వచ్చేసెయ్. నల్లటి ప్రింటర్ సిరా కావాలి. అది గాజుపలక మీద రోలర్‌తో పలచగా పరిచి ఉండాలి. అరిగిన వేళ్లకి సిరా ఎంత తక్కువైతే అంత మంచిది, ఒత్తిడీ అంతే. సిరా ఎక్కువైతే గీతకీ గీతకీ మధ్య సందులోకి దిగి అంతా నల్లమచ్చ అవుతుంది. నా మొదటి కార్డు పోయింది అందుకే.

వేలు దొర్లించడంలోనే అసలు విద్యంతా ఉంది. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మొదటి గణుపు వరకు పడేలా, ఒక్కసారే దొర్లించాలి. వెనక్కి తిప్పితే గీతలు ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడతాయి. బొటనవేళ్లు మన ఒంటి వైపుకి, మిగతా వేళ్లు ఒంటి నుంచి బయటికి. అంచుల దాకా ఎందుకంటే, శంఖమైనా చక్రమైనా దానికి పక్కన మూడు వైపుల నుంచి గీతలు వచ్చి కలిసే కూడలి ఉంటుంది. అది వేలి పక్కభాగాన ఉంటుంది. మధ్యలో మాత్రమే ముద్ర పడితే ఆ కూడలి రాదు, అది లేకపోతే వర్గీకరణకి చిక్కొస్తుంది. నువ్వు చెయ్యాల్సింది చెయ్యి వదులుగా వదిలెయ్యడమే. సాయం చేద్దామని వేలు నొక్కావో, ముద్ర చెదిరిపోతుంది. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను, చెయ్యి నాది కాదనుకున్నాను.

గీతలు పలచగా ఉన్నాయనిపిస్తే సిరా పూసే ముందు వేలిని అరచేతి వైపు నుంచి కొస దాకా పాలు పితికినట్టు మెల్లగా నొక్కుతూ రమ్మని అడుగు. రక్తం కొసకి చేరి గీతలు పైకి లేస్తాయి. ఈ పని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి నువ్వే చెప్పు, మొహమాటపడకు.

ముద్రలు వేసే కార్డు పేరు ఎఫ్‌డి-258, ఎనిమిది అంగుళాల చదరం. ఖాళీ కార్డుని ప్రింటర్ మీద తీయించేటప్పుడు పేజీకి సరిపడేలా కుదించకూడదు, నూటికి నూరు శాతం సైజులోనే రావాలి. పై రెండు వరసల్లో పది గళ్లు దొర్లించిన ముద్రలకి. కింద నాలుగు వేళ్లూ కలిపి నేరుగా వేసేవి, బొటనవేళ్లవి విడిగా. కింది ముద్రలతోనే పైవి సరైన వరసలో ఉన్నాయో లేదో సరిచూస్తారు. ఎడమచెయ్యి గడిలో కుడిచెయ్యి పడితే గీతలు ఎంత బాగున్నా తిప్పి పంపుతారు. సంతకం ముద్రలు తీసే మనిషి ఎదుటే చెయ్యి, ఆయన చేత కూడా చేయించు.

పేరు దగ్గర మనవాళ్లు తడబడతారు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయి, ఇంటిపేరు పొట్టి అక్షరంతో వద్దు, పూర్తిగా. డల్లాస్‌లో ఉన్నప్పుడు నీ కాగితాల మీద పెళ్లికి ముందు ఇంటిపేరు ఉండేది కదా, అది ఇతర పేర్లు అనే గడిలో రాయాలి. మా కాలంలో పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకి అమెరికాలో ముందు ఎఫ్ఎన్‌యూ, అంటే 'మొదటి పేరు తెలియదు' అని, తగిలించేవారు. అలాంటిది మావాడి పాత కాగితాల్లో ఉందేమో కూడా చూడు.

బయటికి రాకముందే ఫోన్ కెమెరాతో ప్రతి ముద్రనీ పెద్దది చేసి చూడు. గీతలు దువ్విన జుట్టులా విడివిడిగా కనిపించాలి. ఒక్కటి మసకగా ఉన్నా కొత్త కార్డు మీద మళ్లీ వేయించు. మూడు కార్డులు తీయించి మూడూ పంపు. ఒక దాంట్లో చెడిన వేలు ఇంకో దాంట్లో బాగుండొచ్చు. సిరా ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకు, మడవకు. పోయినసారి పంపిన కార్డు జిరాక్సు పనికిరాదు, సిరాతో వేసినవే కావాలి.

పంపడం కష్టమేం కాదు. ఎఫ్‌బీఐ సైట్లో దరఖాస్తు పెట్టి 18 డాలర్లు కడితే మెయిల్‌కి ఆర్డర్ నంబరు వస్తుంది. ఆ కాగితంతో కార్డులు కలిపి వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ చిరునామాకి, ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో పంపాలి. ఇలా చేస్తే జవాబు పీడీఎఫ్‌గానే వస్తుంది, పోస్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. డల్లాస్ స్నేహితులు పోస్టాఫీసులోనే మిషన్ మీద ఇచ్చేశామంటే వాళ్లది నిజమే, ఆ సౌకర్యం అమెరికాలో ఉన్నవాళ్లకి. ఛానలర్, అంటే ఎఫ్‌బీఐ అనుమతి ఉన్న ప్రైవేటు సంస్థ, ద్వారా రెండు రోజుల్లో తెప్పిస్తానని ఏ ఏజెంటైనా అంటే నమ్మకు. వాళ్లు అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే పనిచేస్తారు. ఆ డబ్బు పాపకి ఉంచు.

గడువు గురించి నువ్వు పడుతున్న కంగారు సగం అనవసరం. కెనడా వాళ్లు గత పదేళ్లలో వరసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. నువ్వు వదిలేసి వచ్చిన దేశానిదైతే, అక్కడి నుంచి చివరిసారి వచ్చేశాక తీసుకున్నదైతే చాలు. సర్టిఫికెట్ ఆరు నెలల లోపుదే అయి ఉండాలనే లెక్క ఇప్పుడు ఉంటున్న దేశానికి. కాబట్టి అమెరికాది ఇప్పుడే తెప్పించి దాచుకో. దరఖాస్తు పెట్టుకోమని కెనడా నుంచి ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే ఉంటాయి, అప్పుడు వేళ్లకి నూనె రాసుకుంటూ కూర్చోలేవు. మన దేశం పోలీసు సర్టిఫికెట్‌కి (పీసీసీ) వేలిముద్రల కార్డు అక్కర్లేదు, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో చూసుకుంటారు. అది మాత్రం చివర్లో తీసుకోండి. తర్వాత కెనడా వాళ్లు వీసా సెంటర్లో మిషన్ మీద తీసుకునే బయోమెట్రిక్స్ వేరు, ఈ కార్డుతో దానికి సంబంధం లేదు.

ఈసారీ కాదంటే ఏమిటని అడిగావు. మా ఆడపడుచుకి హ్యూస్టన్‌లో సిటిజన్‌షిప్ అప్పుడు చేతులకి ఎగ్జిమా. రెండుసార్లు తీసినా ముద్రలు చదవడానికి రాలేదు. అప్పుడు ఐదేళ్లలో ఆవిడ ఉన్న ఊళ్ల పోలీసుల నుంచి క్లియరెన్స్ లెటర్లు తెమ్మన్నారు. తెచ్చింది, ఇప్పుడు ఓటు వేస్తోంది. అది అమెరికా వాళ్ల పద్ధతి, నీ దరఖాస్తు కెనడాది. నీ విషయంలో గడువు దగ్గరపడి సర్టిఫికెట్ రాకపోతే, తిరిగొచ్చిన కాగితం, కొరియర్ రసీదులు, ఆర్డర్ నంబరు అన్నీ జతచేసి ఏం జరిగిందో వివరంగా లేఖ రాసి పెట్టొచ్చు. ఒప్పుకోవడం అధికారి చేతిలో ఉంటుంది కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. కానీ ఆ వచ్చిన కాగితాన్ని చింపెయ్యాలనిపిస్తోందన్నావు, చింపకు. ఫైల్లో పెట్టు. నీ చర్మానికి ఏమైనా జబ్బు ఉందనిపిస్తే, పొట్టు రాలుతున్నా దురదగా ఉన్నా, నూనెతో సరిపెట్టుకోకుండా చర్మం డాక్టరుకి చూపించు. ఆయన రాసిచ్చే కాగితం కూడా ఆ ఫైల్లోకే వెళ్తుంది.

ఈ రోజు రాత్రి పాపని పడుకోబెట్టాక వేళ్లకి నూనె రాసుకుని, దీపం వెలుగులో చూపుడువేలు ఫోటో ఒకటి తీసి నాకు పంపు. వారానికొకటి పంపు. మూడో వారం ఫోటోలో చక్రం స్పష్టంగా కనబడితే ఆ శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకుందువుగాని.

ఇట్లు,
మీ పెద్దత్తయ్య