మీ ప్రశ్నలు – మా జవాబులు: హైలాండ్స్ పల్లెలో ఆరు నెలలు

ప్రశ్న: మా అమ్మాయి డాక్టరు. ఈ మధ్యే అల్లుడూ తనూ స్కాట్లండ్ హైలాండ్స్‌లోని లాక్‌కారన్ అనే పల్లెలో కాపురం పెట్టారు. మార్చిలో నేనూ మా ఆవిడా వెళ్ళి ఆరు నెలలు ఉండి రావాలనుకుంటున్నాం. నాకు బీపీ, ఆమెకు షుగరు. ఊళ్ళో వెయ్యిమంది కూడా లేరంటే మనసు వెనకాడుతోంది. అక్కడ అంగడి, ఆసుపత్రి, బస్సు వంటివి ఎలా ఉంటాయో తెలుపగలరు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: జనాభా అంకె చూసి వెనకాడకండి. పశ్చిమ తీరంలో కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ ఒడ్డున, ఒకే పొడవాటి వీధిగా సాగిన ఊరు అది. ఇళ్ళు చాలావరకు నీళ్ళకేసి తిరిగి ఉంటాయి. సరుకుల దుకాణం, వైద్యశాల, ప్రాథమిక పాఠశాల ఊళ్ళోనే ఉన్నాయి. వృద్ధుల కోసం ఒక సంరక్షణ కేంద్రం కూడా ఉంది. 1970లలో పక్కనున్న కిషోర్న్‌లో సముద్రం నుంచి చమురు తీసే వేదికను కట్టిన హవర్డ్ డోరిస్ కంపెనీ పేరే దానికి పెట్టారు.

అయితే ఇలాంటి పల్లెల్లో ‘ఏముంది’ అని అడిగే కంటే ‘ఏ రోజు వస్తుంది’ అని అడిగితే సరైన సమాధానం దొరుకుతుంది. తెనాలిలో మీ గుమ్మం ముందుకు కూరగాయల బండి వచ్చినట్టే, హైలాండ్స్‌లో గ్రంథాలయం వ్యానులో, నిర్ణీత రోజున, నిర్ణీత వేళకు వస్తుంది. బ్యాంకు కూడా చక్రాల మీద తిరిగే ఊళ్ళున్నాయి. చివరికి సినిమా హాలు సైతం లారీగా వచ్చి, ఆగినచోట పక్కలు విప్పుకొని, 80 మంది కూర్చునే హాలుగా మారుతుంది. బస్సులు కొద్ది, కొన్నింటిని ముందుగా ఫోన్ చేసి పిలిపించుకోవాలి. రైలు మాత్రం మీ అదృష్టం: పాయ మొదట్లో స్ట్రాత్‌కారన్ స్టేషనుంది, అక్కడి నుంచి ఇన్వర్నెస్ నగరానికి సుమారు రెండు గంటల ప్రయాణం. రోజుకు నాలుగైదు బళ్ళకు మించవు కనుక వేళల కాగితం వంటింటి గోడకు అంటించుకోవడం మంచిది.

ఇక మీ అసలు బెంగ, వైద్యం. మామూలు జబ్బులకు ఊళ్ళోని వైద్యశాల చాలు. పెద్దాసుపత్రి అంటే ఇన్వర్నెస్‌లోని రేగ్‌మోర్; సుమారు 100 కిలోమీటర్లు. స్కై దీవిలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చిన్న ఆసుపత్రి ఉంది, అది కాస్త దగ్గర. అత్యవసరమైతే 999కి ఫోన్ చేయాలి. దూరాన్ని బట్టి హెలికాప్టరు కూడా వస్తుంది. సందర్శకులకు ఎమర్జెన్సీ విభాగంలో చేసే చికిత్సకు డబ్బు తీసుకోరు గాని, ఆసుపత్రిలో చేర్చుకుంటే బిల్లు కట్టవలసి రావచ్చు. అందువల్ల బీపీ, షుగరు ఉన్నాయని దాచకుండా చెప్పి ప్రయాణ బీమా తీసుకోండి. దాచి తీసుకున్న బీమా అవసరానికి అక్కరకు రాదు. ఆరు నెలల మందులు, డాక్టరు రాసిన చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచుకోండి.

కందిపప్పు, చింతపండు, కారం, ఆవకాయ ఇక్కడి నుంచే తీసుకువెళ్ళండి, ఊళ్ళో దుకాణంలో వాటిని ఆశించవద్దు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలను, మాంసాన్ని మన దేశం నుంచి అక్కడికి తీసుకుపోనివ్వరు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామన్నా, హైలాండ్స్ చిరునామా చూడగానే అదనపు రుసుము అడిగే అమ్మకందార్లు చాలామంది ఉన్నారు. ఇది అక్కడివారి పాత ఫిర్యాదు.

మీరు ఎంచుకున్న నెలలు మంచివి. డిసెంబరులో తొమ్మిదింటికి తెల్లవారి, మూడున్నరకే పొద్దు గుంకుతుంది. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగుంటుంది, పడకగదికి మందపాటి తెరలు ఉన్నాయో లేదో అమ్మాయినడగండి. మే చివరి నుంచి మిడ్జ్‌లనే నలుసంత ఈగలు గుంపులుగా కుడతాయి. గాలి వీచేచోట అవి నిలవలేవు, కాబట్టి సాయంత్రం నడకకు ఇంటి వెనుక చెట్ల కంటే పాయ ఒడ్డే మేలు.

ఊరు దాటితే చాలా దారులు ఒక్క బండి పట్టేటంతే. అక్కడక్కడా వెడల్పు చేసిన చోట ఒకరు ఆగితే రెండోవారు సాగుతారు. సాగేవారు స్టీరింగ్ మీది నుంచి ఒక్క వేలెత్తి కృతజ్ఞత తెలుపుతారు. హారన్ కొట్టరు. పక్కనున్న ఆపిల్‌క్రాస్ అనే పల్లెకు వెళ్ళే 626 మీటర్ల ఎత్తు కనుమ దారి, బెలాక్ న బా, మంచు పడితే మూతబడుతుంది. ఆ ఊళ్ళో పెట్రోలు బంకును గ్రామస్థుల సంస్థే నడుపుతుంది. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా నిష్ఠగా పాటించే పాతతరంవారు ఈ తీరంలో ఇంకా ఉన్నారు; ఆ రోజు ఉతికిన బట్టలు బయట ఆరవేయడం వారికి నచ్చదు. పొరుగువారిని చూసి నడుచుకోండి.

ప్రశ్న: హైలాండ్స్ గురించి చదువుతుంటే ‘క్రాఫ్ట్’ అనే మాట వస్తోంది. అదేమిటి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అది ఇల్లు కాదు, చిన్న కమతం. దొరల భూముల్లో సాగు చేసుకునే రైతులను ఎప్పుడంటే అప్పుడు వెళ్ళగొట్టకుండా 1886 చట్టం రక్షణ ఇచ్చింది; కౌలు వారసత్వంగా సంక్రమించే హక్కు కూడా దానితోనే వచ్చింది. మన కౌలురైతుల కష్టాలు ఎరిగినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. 1976 నుంచి కౌలుదారులకు ఆ భూమిని కొనుక్కునే హక్కు కూడా ఉంది. ప్రతిగా బాధ్యతలున్నాయి: క్రాఫ్టరు తన కమతానికి 32 కిలోమీటర్ల లోపు కాపురముండాలి, నేలను బీడు పెట్టకూడదు. రాబడి మాత్రం తక్కువ; అందుకే గొర్రెలు మేపే మనిషే పొద్దున పాఠశాల బస్సు నడుపుతూ, వేసవిలో పర్యాటకులకు గది అద్దెకివ్వడం అక్కడ మామూలే.