గేట్ స్కోరు తగ్గిన మేనకోడలికి మావయ్య ఉత్తరం

పద్మారావునగర్, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఎం.టెక్. సీట్ల కోసం నీవు రాసిన గేట్ పరీక్ష ఫలితాలు వచ్చిన నాటి నుంచి నీవు గది తలుపు వేసుకుని ఉంటున్నావనీ, పండక్కి వచ్చిన చుట్టాల ఎదుటికి కూడా రాలేదనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. బాధపడవద్దని నేను అనను. కోచింగ్ కోసం ఉప్పల్ నుంచి అబిడ్స్‌కు ఏడాదిపాటు బస్సుల్లో తిరిగిన పిల్లకు ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ బాధకు ఒక వారం గడువు పెట్టుకో. ఎందుకంటే ప్రతి ఐఐటీ ఎం.టెక్. దరఖాస్తులను తన పోర్టల్‌లోనే తీసుకుంటుంది, ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే ఆ గడువులు చాలావరకు ముగిసిపోతాయి. ఎలాగూ రాదులే అని దరఖాస్తే పెట్టకుండా ఊరుకుని, తమకంటే తక్కువ స్కోరుకు చివరి విడతలో సీటు వచ్చిందని తెలిసి జూలైలో నొచ్చుకున్న పిల్లలను నేను పాఠం చెప్పిన రోజుల్లో కొందరిని చూశాను.

ముందుగా స్కోరు కార్డును సొరుగులో పెట్టి, నీవు పెట్టిన జవాబులు చూపే రెస్పాన్స్ షీటునూ ప్రశ్నపత్రాన్నీ సరైన జవాబుల తుది కీనీ బల్ల మీద పరుచుకో. వెయ్యికి ఇచ్చే ఆ స్కోరు నీ గురించి చెప్పేది చాలా తక్కువ. జనరల్ అభ్యర్థుల అర్హత మార్కుకు 350, పైస్థానాల్లో నిలిచినవారి సగటు మార్కుకు 900 అని కట్టి, ఆ రెండింటి మధ్య గీసిన సరళరేఖ మీద నీ మార్కులు ఎక్కడ పడ్డాయో మాత్రమే అది చూపుతుంది. ఒక పేపరులో అర్హత మార్కు 25, పైవారి సగటు 75 అనుకుంటే, నడుమనున్న 50 మార్కులకు 550 పాయింట్లు, అంటే మార్కుకు 11 పాయింట్లు. ఒకే జవాబు ఎంచుకోవలసిన రెండు మార్కుల ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఆరింటికి గుడ్డిగా జవాబు పెట్టి తప్పినవారికి, ఒక్కో తప్పుకు మార్కులో మూడింట రెండు వంతుల చొప్పున మొత్తం నాలుగు మార్కులు, అంటే 44 పాయింట్లు, అప్పటికే సంపాదించుకున్నవి పోతాయి. నీ తప్పు జవాబుల్లో ఎన్నింటిని నీవు గుడ్డిగా పెట్టావో నీకు తప్ప కోచింగ్ సెంటరు వారికి కూడా తెలియదు.

అందుకే పోయిన ప్రతి మార్కు పక్కనా అది ఎందుకు పోయిందో ఒక్క మాటలో రాయి. అసలు చదవనిది వేరు, చదివి మరిచినది వేరు, తెలిసి కూడా లెక్కలో తప్పినది వేరు, సమయం చాలక చూడనైనా చూడనిది వేరు. వీటికి మందులు కూడా వేరే. అంకెను టైపు చేయవలసిన ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి అక్కడ ఖాళీ వదిలి ఉంటే అది పరీక్ష రాసే పద్ధతిలోని లోపమే. జవాబు దగ్గరదాకా వచ్చి దశాంశ స్థానాల దగ్గరో యూనిట్ల దగ్గరో తప్పి ఉంటే, ఇంట్లో చేతి కాలిక్యులేటర్ మీద సాధన చేసి, పరీక్షలో తెర మీది వర్చువల్ కాలిక్యులేటర్‌తో తడబడ్డావేమో చూసుకో. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, మూడు గంటల్లో 65 ప్రశ్నలు చేయవలసిన చోట చిన్నది కాదు. జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులనూ, ఇంజనీరింగ్ గణితం సుమారు 13 మార్కులనూ విడిగా లెక్కపెట్టు. ఎలక్ట్రికల్ వాళ్లం మనం మెషీన్స్ మీద చూపే శ్రద్ధలో సగం కూడా వాటి మీద చూపం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను 1989లో మొదటిసారి గేట్ రాసి దెబ్బతిన్నప్పుడు ఏ ఉద్యోగమూ చేయకుండా ఒక ఏడాదంతా చదివాను, చిక్కడపల్లి గ్రంథాలయంలో రోజూ నా కుర్చీ నాకు ఉండేది. చదివింది ఏమిటంటే, అప్పటికే బాగా వచ్చిన కంట్రోల్ సిస్టమ్స్. వచ్చిన లెక్కను మళ్లీ చేస్తే వచ్చే తృప్తిని చదువు అనుకున్నాను, భయపెట్టే ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ పుస్తకం మీద దుమ్ము పేరుకుంది. రెండోసారీ ఫలితం దాదాపు అంతే. ఆ తరువాత బాలానగర్‌లో మోటార్లు రీవైండింగ్ చేసే ఒక షెడ్డులో పనికి చేరి, రోజుకు రెండు గంటలే మిగలడం వల్ల ఆ రెండు గంటలనూ రానివాటికే ఖర్చు చేసి, మూడోసారి గట్టెక్కాను.

కనుక ఏడాది పాటు ఖాళీగా ఉండి మళ్లీ రాస్తానంటే నేను వెంటనే సరే అనను. ముందు ఈ స్కోరుకు ఏమేమి తెరిచి ఉన్నాయో చూడు. ఎన్ఐటీల ఎం.టెక్. సీట్లకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంది. రాష్ట్రంలోని ఎం.టెక్. సీట్లకు జరిగే తెలంగాణ పీజీఈసెట్ కౌన్సెలింగ్‌లో గేట్ అర్హులకు ముందు అవకాశం ఇస్తారు కాబట్టి ఉస్మానియా, జేఎన్టీయూ సీట్లను తక్కువగా చూడకు. పరిశోధనతో చేసే ఎం.ఎస్.లకు ఐఐటీలలో రాతపరీక్షో ఇంటర్వ్యూనో పెడతారు, అక్కడ నీ బీటెక్ ప్రాజెక్టు గురించి నిలబడి మాట్లాడగలిగితే స్కోరు లోటు కొంత పూడుతుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ తన ప్రవేశపరీక్ష తానే పెట్టుకుంటుంది. పైగా ఈ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, మళ్లీ రాసినంత మాత్రాన రద్దు కాదు. మంచి గైడు ఉన్న చోట సీటు వస్తే చేరిపోవడమే నా సలహా; అలాంటిదేదీ రాకపోతే ఉద్యోగం చేస్తూ వచ్చే ఫిబ్రవరికి రాయి. ఏ ఉద్యోగమూ దొరకకపోతేనే ఇంట్లో కూర్చోవడం గురించి ఆలోచిద్దాం.

మీ నాన్నగారితో మార్కుల సంగతి నీవే చెప్పు, అమ్మ చేత చెప్పించకు. ఆయన అడిగేది ‘ఎంత వచ్చింది’ అని కాదు, ‘ఇప్పుడేం చేస్తావు’ అని. దానికి ఒక కాగితం మీద రాసుకున్న జవాబు ఉంటే ఆయన కోపం పది నిమిషాలకు మించదు. నాకు బావగారితో ముప్పై ఏళ్ల అనుభవం.

ఆదివారం ఉదయం రెస్పాన్స్ షీటు ప్రింటు తీసుకుని మా ఇంటికి రా. గుడ్డిగా పెట్టిన జవాబుల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తీసుకురా, ఒక్కటి కూడా దాచకు. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. తిన్నాక ఫీల్డ్స్ మొదటి అధ్యాయం తీద్దాం.

ఇట్లు,
మీ మావయ్య