పసిపిల్లలకు ఈఈజీ: ముందురోజు రాత్రి నుంచే జాగ్రత్తలు

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. జ్వరం లేకుండానే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారు ఈఈజీ తీయించమన్నారు. తలకు కరెంటు పెడతారేమోనని మా అత్తగారు భయపడుతున్నారు. గుండు చేయించాలా? ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పాప తలలోకి కరెంటు వెళ్లదమ్మా, అత్తగారికి ముందు ఆ మాట చెప్పండి. మెదడు తనంతట తాను పుట్టించే విద్యుత్తు ఉంటుంది. అది వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచేంత సన్నది. యంత్రం దాన్ని అందుకుని గీతలుగా చూపిస్తుంది, ఈఈజీ అంటే అంతే. సూది ఉండదు, నొప్పి ఉండదు. గుండూ అక్కర్లేదు. టెక్నీషియన్ ముక్కు మొదట్లోని గుంట నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా టేపుతో కొలుస్తారు. ఆ కొలతలో 10, 20 శాతం దూరాల్లో గుర్తులు పెట్టి, జుట్టు పాయలు తీసి, దాదాపు ఇరవై చిన్న లోహపు బిళ్లలను (ఎలక్ట్రోడ్లను) పేస్టుతో అంటిస్తారు.

అసలు చిక్కు నూనెతోనే. తలకు నూనె ఉంటే పేస్టు పట్టదు. బిళ్ల సరిగా అంటని చోట గదిలోని కరెంటు వైర్ల నుంచి సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) రొద చేరి అసలు గీతలను కప్పేస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రం షాంపూతో రెండుసార్లు తలంటి, బాగా ఆరనివ్వండి. కండిషనర్ వద్దు. పొద్దున మళ్లీ నూనె రాయకండి, జడ వేయకండి, క్లిప్పులు పెట్టకండి. నుదుటి మీద దిష్టిచుక్క కూడా ఆ పూటకు మానేయండి. రెండు బిళ్లలు అక్కడే అంటించాలి.

ఇక నిద్ర. కొన్ని రకాల ఫిట్స్ జాడలు మెలకువలో కనబడవు, కునుకు పట్టే వేళో, నిద్రలోనో బయటపడతాయి. అందుకే పాపకు ముందురాత్రి నిద్ర తగ్గించి తీసుకురమ్మంటారు. ఆస్పత్రివాళ్లు వేళలు చెప్పి ఉంటే అవే పాటించండి. చెప్పకపోతే ఫోన్ చేసి అడగండి. మామూలుగా రాత్రి రెండు గంటలు ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున రెండు గంటలు ముందు లేపమంటారు. నిద్ర తగ్గితే ఫిట్స్ రావడానికి అవకాశం ఉంటుంది కాబట్టి ఆ రాత్రి ఎవరో ఒకరు పాప పక్కనే ఉండాలి. ఇంతా చేశాక పరీక్ష దారిలోనే చెడిపోవచ్చు. ఆటోలోనో కారులోనో పిల్ల ఇరవై నిమిషాలు నిద్రపోతే చాలు, అక్కడికెళ్లాక ఇక పడుకోదు. తెనాలి నుంచి గుంటూరు వెళ్లినా, విజయవాడ వెళ్లినా బండి నడిపే మనిషి కాక ఇంకొకరు పాపను మాటల్లో పెట్టి మెలకువగా ఉంచాలి.

ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. రక్తంలో చక్కెర తగ్గితే గీతలు మారతాయి. పాలసీసా మాత్రం దాచి ఉంచి, బిళ్లలన్నీ అంటించాక పట్టండి. పాలు తాగుతూ కళ్లు మూసేస్తుంది. నిద్రపోగానే సీసా తీసేయండి, చప్పరించే కదలిక కూడా గీతల్లో పడుతుంది. ఎంతకీ పడుకోకపోతే ట్రైక్లోఫాస్ లాంటి నిద్రమందు సిరప్ ఇస్తారు. దాని మోతాదు పాప బరువును బట్టి డాక్టరే లెక్కగట్టాలి. ఇంట్లోనో దారిలోనో పట్టకండి. ఆ మందు ఇస్తామంటే ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో అడగండి. ఇచ్చాక పూర్తిగా మెలకువ వచ్చి, నీళ్లు సరిగా మింగేదాకా అక్కడే ఉండండి. ఆ రోజంతా నడకలో తూలవచ్చు.

రోజూ వేసే ఫిట్స్ మందు డాక్టరు ఆపమంటే తప్ప ఆపకండి. రికార్డింగ్ అరగంటే అయినా అంతా కలిపి గంటన్నర చూసుకోండి. జ్వరం, బాగా జలుబు ఉంటే తేదీ మార్చుకోవడమే నయం. పేస్టు వదలాలంటే ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తలంటండి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఉన్నట్టుండి పది సెకన్లు శూన్యంలోకి చూస్తుండిపోతాడు. పరీక్షలో గాలిమర ఊదిస్తారట, ఎందుకు?
– వరంగల్

జవాబు: మూడు నిమిషాలు ఆపకుండా గట్టిగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మీరు చెప్పిన రకం ‘ఆబ్సెన్స్’ ఫిట్స్ ఉంటే చాలామందిలో అప్పుడే బయటపడుతుంది. గీతల్లో సెకనుకు మూడు చొప్పున ముళ్లలాంటి తరంగాలు కనిపిస్తాయి. ఇంట్లో ఆటగా గాలిమర ఊదించి అలవాటు చేయండి, ఒకటి రెండు ఊదులు చాలు. మూడు నిమిషాలు ఇంట్లో ఊదించకండి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న: రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అయినా డాక్టరు మందు రాశారు. వాడాలా?
– అనంతపురం

జవాబు: వాడండి. అరగంట రికార్డింగులో తేడా దొరకనంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. జబ్బు ఉన్నవాళ్లలోనూ మొదటి ఈఈజీ నార్మల్‌గా రావడం మామూలే. గీతల్లో తేడా కనబడిన ప్రతి బిడ్డకూ మూర్ఛ ఉన్నట్టూ కాదు. డాక్టరు ముందుగా నమ్మేది ఫిట్స్ ఎలా వచ్చిందో మీరు చెప్పే వివరాన్నే. మళ్లీ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూసుకోండి. ఇంకొకరు ఉంటే కళ్లు, ముఖం, రెండు చేతులు కనబడేలా ఫోన్లో వీడియో తీయమనండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.