రాజ్యాంగ సవరణకు ఓట్ల లెక్క

ప్రశ్న: సభకు వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఓటేస్తే రాజ్యాంగ సవరణ బిల్లు నెగ్గినట్టేనా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అది సగం నిజమే. 368వ అధికరణం రెండు షరతులు పెట్టింది, రెండూ ఒకే ఓటింగులో తీరాలి. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఉండాలి. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. మొదటి లెక్కలో ఖాళీ సీట్లు కూడా కలుస్తాయి. లోక్‌సభలో 543 కాబట్టి 272 కావాలి. రెండో లెక్కలో తటస్థంగా ఉన్నవాళ్లు రారు.

390 మంది ఓటేశారనుకోండి. మూడింట రెండు వంతులంటే 260, అయినా 272 లేదు కనుక బిల్లు వీగిపోతుంది. 480 మంది ఓటేస్తే 272 చాలదు, 320 రావాలి. పోలైన ఓట్లు 408 దాటితే రెండో షరతే గట్టిది, అంతకు తగ్గితే మొదటిది. ఇది గుర్తుంచుకుంటే ఏ పుస్తకమూ తికమక పెట్టదు.

లెక్కలో భిన్నం వస్తే పై అంకెకే వెళ్లాలి. 1970 సెప్టెంబరు 5న రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము) రద్దు బిల్లుకు రాజ్యసభలో 149 ఓట్లు అనుకూలంగా, 75 వ్యతిరేకంగా పడ్డాయి. 224లో మూడింట రెండు వంతులంటే 149.33. కావలసింది 150, ఒక్క ఓటు తక్కువై బిల్లు పోయింది. అంతకుముందే లోక్‌సభ ఆమోదించినా లాభం లేకపోయింది. సవరణ బిల్లుకు ఉభయ సభల సంయుక్త సమావేశం ఉండదు, ఏ సభకు ఆ సభే నెగ్గించాలి. చివరికి 1971లో 26వ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి.

రాష్ట్రపతి ఎన్నిక, ఏడో షెడ్యూలు జాబితాలు (కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం), 368వ అధికరణం వంటివాటిని ముట్టుకుంటే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడున్న 28లో 14.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించిన విభజన బిల్లు పార్లమెంటులో మూజువాణి ఓటుతో ఎలా చెల్లింది?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది 368 దారిలో రాలేదు, 3వ అధికరణం దారిలో వచ్చింది. రాష్ట్రపతి సిఫారసు చేసి, గడువు పెట్టి బిల్లును శాసనసభ అభిప్రాయానికి పంపాలి. అడిగేది అభిప్రాయమే, అంగీకారం కాదు. అందుకే 2014 జనవరి 30 నాటి తిరస్కరణ పార్లమెంటుకు అడ్డు కాలేదు. రాష్ట్రాల జాబితా, రాజ్యసభ సీట్ల పట్టిక మారినా అలాంటి చట్టాన్ని 368 కింద సవరణగా లెక్కించరాదని 4వ అధికరణమే చెబుతోంది. కాబట్టి మామూలు మెజారిటీ చాలు, మూజువాణి ఓటు చెల్లుతుంది. ఉమ్మడి రాష్ట్రం కోసం 1973లో 32వ సవరణ చేర్చిన 371-డి అధికరణం (ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాల గురించినది) తెలంగాణకూ వర్తించేలా మారింది కూడా ఆ విభజన చట్టంలోని 97వ సెక్షన్ ద్వారానే.