ఎనుమాముల కథ రాసిన బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ మీద నువ్వు రాసిన కథ, దానితోపాటు పంపిన ఉత్తరం రెండూ చదివిన. ‘చెప్పొద్దు, చూపించు’, ‘కథనం ప్రామాణిక భాషలో నడవాలె, యాస మాటలకే ఉండాలె’, ‘విశేషణాలు కొట్టెయ్యి’ అని కథల శిబిరంల చెప్పినవన్నీ ఉత్తవేనని, ఇగ ఏ సూత్రాన్నీ లెక్కచెయ్యనని రాసినవ్. ఎందుకని అడిగినందుకు నాకు శానా సంతోషమైంది. కాని ఆ అడుగుడు నడిమిట్లనే ఆపినవ్. సూత్రాన్ని తిరగేస్తే ఇంకో సూత్రమే అయితది.

మన పాల్కురికి సోమనాథుణ్ని చూడు. సంస్కృత వృత్తాలతో, పద్యం గద్యం కలిపి చంపువు రాస్తేనే కవి అనిపించుకునే రోజులల్ల బసవపురాణాన్ని రెండేసి పాదాల ద్విపదల రాసిండు. అందరికీ అందే జానుతెనుగు ఆయనకు కావాలె. ఇంతవరకు అందరం చెప్పుకుంటం. అదే సోమనాథుడు వృషాధిప శతకాన్ని ఉత్పలమాలల్ల, చంపకమాలల్ల రాసిండన్న సంగతి మాత్రం తక్కువ యాది చేస్తం. వృత్తాల మీద ఆయనకు పగ లేదు. ఈ రాత ఎవరికోసం, ఎవరి నోట్లె ఆడాలె అన్నదే ఆయన చూసుకున్నడు.

తెలంగాణల కవులు పూజ్యం, అంటే సున్న అన్న మాట వచ్చినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి కూడ కోపంతోనే ఆగలే. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934ల గోలకొండ కవుల సంచికల 354 మందిని అచ్చేసి చూపిండు.

యాస సంగతీ అంతే. కథనం ప్రామాణిక భాషలనే ఉండాలన్నది మన ఇండ్లల్ల పుట్టిన నియమం కాదు. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని ప్రజాకవి కాళోజీ అన్నది అందుకే. నువ్వేమో కౌలురైతుతోని, ఆఫీసు గుమస్తాతోని, కాన్వెంటుకు పోయే పిల్లతోని ఒక్కతీరుగ మాట్లాడించినవ్. అది మనూళ్ల నోరు కాదు బిడ్డా, సినిమాల వినవడే తెలంగాణ.

ఇగ అసలు సంగతికొస్త. అన్ని సూత్రాలు వదిలేసిన అన్నవ్ గని, కథకు ఒక దుర్మార్గుడు ఉండాలన్న సూత్రం నీ దగ్గరనే ఉన్నది. అది నీకు సూత్రమని తోచలే కాబట్టి దాన్ని ప్రశ్నించలే. నీ అడ్తిదారు, అంటే కమీషను మీద రైతు సరుకు అమ్మిపెట్టేటోడు, మొదటి లైను నుంచే దొంగ. మిర్చి బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీస్తడు, ఒకటి విరిచి చూస్తడు, ‘పచ్చి ఉన్నది, తాలు కలిసింది’ అని ధర దించుతడు. ఆ సీను మంచిగ రాసినవ్, ఘాటుకు ముక్కు మండింది. కాని ఆ రైతు మళ్ల యేడు కూడ అదే అడ్తికి ఎందుకు వస్తడు? కౌలురైతుకు పట్టాదారు పాసుబుక్కు ఉండది; అది లేకుంటే బ్యాంకుల పంటలోను దొరుకుడు కష్టం. వానకాలంల విత్తనాలకు, పురుగుమందుకు పైసలిచ్చింది ఆ అడ్తిదారే. రైతు బిడ్డ పెండ్లికొచ్చి కట్నం చదివిచ్చిందీ ఆయనే. మిత్తి గుంజేదీ ఆయనే. ఈ మూడూ ఒక్క మనిషిల ఉన్నయని రాస్తే అన్యాయం తేలికైపోతదని నీకు భయం కావచ్చు. కాదు, అప్పుడే అది పెద్దగ కనవడుతది. ఆ మనిషిని మార్కెట్ల నుంచి తీసేసినా రైతుకు అప్పు పుట్టే దారి లేదు కద!

పొద్దుగాలనే ఎనుమాముల యార్డుకు పో. ముక్కుకు గుడ్డ కట్టుకో. వేలంపాట అయినంక కాంటా దాక బస్తాల ఎంబడి నడువు. రైతు ఒప్పుకుంటే తక్‌పట్టి, అంటే అమ్మకం లెక్క చీటీ, చూడు: హమాలీకి ఎంత పోయింది, పాత బాకీకి ఎంత పోయింది, చేతికి ఎంతొచ్చింది. వచ్చే వానకాలం పెట్టుబడి ఎవరిస్తరని ఒక్కమాట అడుగు. హమాలీలతోని గూడ మాట్లాడు, వాళ్లు రెండు దిక్కులా చూస్తరు.

తర్వాత ఆ సీను మళ్ల రాయి. చూపిస్తవో చెప్తవో, ఏ భాషల రాస్తవో నీ ఇష్టం. రాసినంక నాకు పంపు. ఏప్రిల్ దాటితే సరుకు తక్కువైతది, ఈ వారమే పో.

నీ
పెదనాయిన