దోర్నాల దాటితే చాలు బాబుకు వాంతులు... ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. మా బాబుకు ఏడేళ్లు. కార్లో శ్రీశైలం వెళ్లిన ప్రతిసారీ పొదిలి దాటేసరికే ముఖం వాడిపోతుంది, దోర్నాల దగ్గర ఘాట్ మొదలయ్యాక ఇక వాంతులే వాంతులు. పోయినసారి ఏమీ తినిపించకుండా తీసుకెళ్లాం, ఫోన్‌లో కార్టూన్లు పెట్టి మరిపించాలని చూశాం, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన వాంతుల సిరప్ కూడా పట్టాం. అయినా ఆగలేదు. కడుపులో ఏదైనా జబ్బుందేమోనని భయంగా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. ప్రయాణంలో మాత్రమే వాంతులై, కారు దిగిన కాసేపటికి మామూలుగా ఆడుకుంటుంటే సాధారణంగా అది కడుపు జబ్బు కాదు. గొడవంతా చెవికీ కంటికీ మధ్య. లోపలి చెవిలో మన కదలికల్ని పసిగట్టే భాగం ఒకటుంది, కారు మలుపు తిరిగినప్పుడల్లా అది మెదడుకు 'తిరుగుతున్నాం' అని కబురు పంపుతుంది. అదే సమయంలో బాబు కళ్లు ముందు సీటు వీపునో ఫోన్‌నో చూస్తూ 'ఏమీ కదలడం లేదే' అంటాయి. ఈ రెండూ పొసగక మెదడు తికమకపడితే కడుపులో తిప్పడం మొదలవుతుంది. రెండేళ్లలోపు పిల్లల్లో ఇది అరుదు, 9, 10 ఏళ్ల దగ్గర బాగా ఎక్కువ, టీనేజీకి వచ్చేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉంటే పిల్లలకు ఇది వచ్చే అవకాశం కాస్త ఎక్కువ.

మీ ప్రేమను తప్పుపట్టను గానీ, మీరు చేసిన మూడు పనులూ పనికొచ్చేవి కావు. అన్నిటికన్నా చెడ్డది ఫోన్. ఘాట్‌లో ఫోన్ చూడటమంటే వాంతిని చేయిపట్టి పిలవడమే. పుస్తకమైనా అంతే. బాబును వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి, ఎత్తు చాలకపోతే పిల్లల బూస్టర్ సీటు వాడండి, బెల్టు మాత్రం సరిగ్గా పడాలి. దూరంగా కొండనో చెట్టునో చూపిస్తూ పాటలు పాడించండి, కథలు చెప్పండి. నిద్ర వస్తే పడుకోనివ్వండి, నిద్రలో ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. రోడ్డు బాగా కనిపిస్తుందని మాత్రం ముందు సీట్లో, అందులోనూ ఒళ్లో కూర్చోబెట్టవద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పిల్లల ప్రాణానికే ప్రమాదం, పన్నెండేళ్లు దాటేవరకూ వెనక సీటే. బస్సులో అయితే వెనక చక్రాల మీది సీట్లు వద్దు, మధ్యలోకో ముందుకో రండి.

ఖాళీ కడుపు కూడా వికారాన్ని పెంచుతుంది. బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టండి, పూరీ, నూనె దోశ, గ్లాసుడు పాలు వద్దు. దారిలో కాసిని బొరుగులు, గుక్కెడు గుక్కెడు నీళ్లు చాలు. కార్లో సెంటు సీసా, డాష్‌బోర్డు మీద మల్లెపూల దండ తీసేయండి, పిల్లలకు ఆ వాసనే సగం తిప్పుతుంది. నిమ్మకాయ వాసన, చిన్న అల్లం మురబ్బా ముక్క కొందరికి హాయినిస్తాయి, ఇచ్చి చూడండి.

ఇక సిరప్ సంగతి. షాపులో మామూలుగా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ విరేచనాలతో వచ్చే వాంతులకు మంచి మందే, ప్రయాణపు వాంతుల్ని ముందుగా ఆపడంలో మాత్రం పెద్దగా పనిచేయదు. దీనికి వాడేవి డైమెన్‌హైడ్రినేట్, ప్రోమెథజీన్ లాంటివి, బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందు వేస్తారు. ప్రోమెథజీన్ రెండేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పెద్దల మాత్ర విరిచి సగం వేయడం దయచేసి చేయవద్దు, డోసు మీ పిల్లల డాక్టర్‌నే రాయమనండి. ఈ మందులతో మత్తు వస్తుంది, కొందరు పిల్లలు మత్తుకు బదులు చిరాకుగా గంతులేస్తారు కూడా, అందుకని ఇంట్లో ఉన్న రోజు ఒకసారి వేసి చూడమంటారేమో ఆయన్నే అడగండి.

దోర్నాల నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు అడవిదారి, ఎక్కడపడితే అక్కడ ఆపడం కుదరదు, రాత్రిళ్లు గేటు మూసేస్తారు. కాబట్టి ఉదయం చల్లగా ఉండగా బయల్దేరి, దోర్నాలలోనే పావుగంట దింపి నడిపించి ఎక్కండి. మలుపుల్లో నెమ్మదిగా పోనిమ్మని డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి. బాబు ఆవలిస్తున్నా, మాట తగ్గి పాలిపోయినా, నోట్లో నీళ్లూరుతున్నా అదే మొదలు, వెంటనే కిటికీ దించి, తల సీటుకు ఆనించి కళ్లు మూసుకోమనండి. 'వస్తోందా, వస్తోందా' అని పదేపదే అడగకండి, అది భయం పెంచుతుంది. సీటు పాడుచేశాడని కసరవద్దు, వాడు కావాలని చేసింది కాదు కదా. కవర్లు, తువ్వాలు, మార్చే చొక్కా చేతికందేలా పెట్టుకోండి, వాంతులు ఎక్కువైతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి.

ప్రయాణం లేని రోజుల్లోనూ వాంతులైతే, పొద్దున్నే తలనొప్పితో లేస్తుంటే, నడకలో తూలుతుంటే, చెవినొప్పి ఉంటే, తలకు దెబ్బ తగిలాకే ఇది మొదలైతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. ఇంకొకటి, చాలామంది వెళ్లేటప్పుడే జాగ్రత్తపడి వచ్చేటప్పుడు మరిచిపోతారు. దిగేటప్పుడూ అవే మలుపులు, పైగా పిల్లాడు అలసిపోయి ఉంటాడు, మందు రాయించుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికి ఎప్పుడు వేయాలో కూడా అడిగి రాసుకోండి.