పాత రిసీవర్ స్ప్రింగ్ క్లిప్పుల్లో లావు స్పీకర్ వైరు దూరకపోతే ఏం చేయాలి?

వైరు పోగులు మాత్రం కత్తిరించకండి. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తాను.

చిత్తూరులో మీ మామయ్యగారు ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన పయనీర్ రిసీవర్‌ను (రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండేది) మళ్లీ బయటికి తీశారు. కొత్తగా కొన్న 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు దాని వెనక క్లిప్పుల్లో పట్టడం లేదు. సగం పోగులు తీసేసి దూర్చమని షాపతను చెప్పాడు, సరేనా అని అడిగారు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లోనూ నాన్న కొన్న 70ల నాటి రిసీవర్ ఉంది, ఇప్పటికీ రోజూ పాడుతుంది. దాని క్లిప్పులూ ఇలాగే ఇరుకు.

పోగులు కోస్తే వాటి మొండి కొసలు బయటికి పొడుచుకొస్తాయి. ప్లస్, మైనస్ క్లిప్పులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వెంట్రుకంత పోగు రెండిటికీ తగిలినా షార్ట్ అవుతుంది, స్పీకర్‌కు కరెంటు పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. ఆ కాలపు ట్రాన్సిస్టర్లలో చాలావాటి తయారీ ఆగిపోయింది, మార్కెట్లో నకిలీలు ఎక్కువ. అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

నేను చేసింది ఇది. గాంధీ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపులో 2.5 వైరుకు సరిపోయే రాగి పిన్ లగ్గులు (వైరు కొసకు తొడిగే, ముందు పిన్ను ఉండే తొడుగులు) అడిగి తెచ్చాను. వైరు పైతోలు కొద్దిగా ఒలిచి, పోగులన్నీ మెలిపెట్టి లగ్గులో పెట్టి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే పట్టు నిలవదు. టూల్ లేకపోతే షాపులోనే నొక్కించుకోండి. పిన్ను సన్నగా, గట్టిగా ఉంటుంది, క్లిప్పులోకి నేరుగా దిగుతుంది. లగ్గు మెడ మీద ఇన్సులేషన్ స్లీవ్ తొడిగితే పక్కదానికి తగిలే భయం ఉండదు.

పిన్ను కూడా పట్టకపోతే లావు వైరు చివర జానెడు 1 ఎస్‌క్యూ ఎంఎం వైరు సోల్డర్ చేసి, దాన్ని క్లిప్పులో పెట్టండి. సన్న ముక్క వల్ల సౌండ్ తగ్గుతుందని టెన్షన్ వద్దు. జానెడు ముక్కలో రెసిస్టెన్స్ లెక్కలోకి రానంత తక్కువ. అసలు స్పీకర్ 5 మీటర్ల లోపే ఉంటే అంత లావు వైరు అవసరమే లేదు. 1.5 వైరుతో రానూపోనూ కలిపి సుమారు 0.13 ఓం వస్తుంది, 2.5తో 0.08. 8 ఓంల స్పీకర్ ముందు ఆ తేడా చెవికి తెలియదు. వైరు మారిస్తే బాస్ పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఎలాగూ కొనేశారు కాబట్టి వాడుకోండి.

కొన్ని రిసీవర్లకు క్లిప్పులు కాకుండా స్క్రూలు ఉంటాయి. వాటికి వైరు కొసను సోల్డర్‌లో ముంచి బిగించకూడదు. ఒత్తిడికి సోల్డర్ మెల్లగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. యూ ఆకారపు లగ్గు పెట్టుకుంటే సరి.

పని చేసేటప్పుడు రిసీవర్ ప్లగ్ పీకేయండి. ఆన్ చేసే ముందు వైర్లను క్లిప్పుల్లోంచి తీసి, స్పీకర్ తగిలించి ఉండగానే రెండు కొసల మధ్య మల్టీమీటర్‌ను ఓంల రేంజ్‌లో పెట్టి చూడండి. 8 ఓంల స్పీకర్‌కు మామూలుగా 5.5 నుంచి 7 ఓంల మధ్య చూపిస్తుంది. సున్నా దగ్గర ఆగితే వైరులోనో స్పీకర్ వైపో షార్ట్ ఉన్నట్టు. అది దొరికేదాకా రిసీవర్‌కు తగిలించకండి.